టి.సి. ఇచ్చి పంపితే తగాదా తీరదు

పిల్లల కొట్లాటలను మొదటి రోజునే కనిపెట్టాలి
సుగ్గికి పోయే ఊళ్ళలో మరింత జాగ్రత్త అవసరం

(మా విలేఖరి)

ఆదోని: పిల్లలన్న తర్వాత కొట్టుకోక మానరు, సాయంత్రానికి మళ్ళీ కలిసి ఆడుకుంటారు అని పెద్దలు తేలిగ్గా అనేస్తుంటారు. ఆ మాట చాలావరకు నిజమే. కాని సాయంత్రానికి కలవని తగాదాలు కూడా ఉంటాయి. అవి వారం, పది రోజులు, ఒక్కోసారి నెల రోజులు లోలోపల రాజుకుంటాయి. ఒకనాడు బడి గోడ వెనకనో, బస్టాండులోనో రాయిగా, కర్రగా, సైకిలు చైనుగా బయటపడతాయి. అప్పుడు బడి పరువు పోయిందని హెడ్మాస్టరు, కొడుకు తల పగిలిందని ఒక తల్లి, కొడుకు మీద కేసవుతుందని ఇంకో తల్లి పరుగులు పెడతారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన పాఠశాలల్లో పరిపాటి అయిపోయింది.

2025 ఆగస్టులో హైదరాబాదు కూకట్‌పల్లిలో ఒక పదో తరగతి బాలుడు క్రికెట్ బ్యాటు దొంగిలించబోయి పొరుగింటి చిన్నారి ప్రాణం తీశాడని పోలీసులు ప్రకటించినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలూ నివ్వెరపోయాయి. అది పట్నం సంగతి, మన పల్లెల్లో అంత ఘోరాలు ఉండవు అని సరిపెట్టుకోవడానికి వీలు లేదు. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల ప్రకారం బాలలే నిందితులుగా 2022లో దేశంలో నమోదైన కేసులు 30,555. ఆ ఏడాది పట్టుబడిన 37,780 మంది బాలల్లో 29,690 మంది 16 నుంచి 18 ఏళ్ళ మధ్య వారే. అంటే పదో తరగతి అప్పుడే దాటినవారి వయసు, లేదా దాటకుండానే బడి మానేసినవారి వయసు. కోట్లాది పిల్లలున్న దేశంలో ఈ సంఖ్య చిన్నదే కావచ్చు. అయితే ఆ వయసులో దారి తప్పినవాడు దానికి రెండు మూడేళ్ళ ముందు ఏదో ఒక బడి బల్ల మీద కూర్చున్నవాడే అయి ఉంటాడు. అప్పుడు వాడిని ఎవరు పట్టించుకున్నారన్నదే ప్రశ్న.

తగాదా పుట్టే చోట్లు

పిల్లల తగాదాలు తరగతి గదిలో అయ్యవారి ఎదుట పుట్టవు. మధ్యాహ్న భోజనం పళ్ళేలు పట్టుకొని నిలబడే వరుసలో, కుళాయి దగ్గర, సైకిళ్ళు పెట్టే చోట, గోడ కూలిన సందులో, సాయంత్రం బస్సు కోసం కాచుకునే చెట్టు కింద పుడతాయి. కారణాలు వింటే పెద్దలకు నవ్వు వస్తుంది. పేరు పెట్టి ఎగతాళి చేశాడని, ముందు బెంచీలో చోటు లాక్కున్నాడని, తన హీరో ఫ్లెక్సీ చించాడని, ఆటలో అవుటైనా బ్యాటు ఇవ్వలేదని కొట్టుకుంటారు. నవ్వి ఊరుకోదగని కారణాలు కూడా లేకపోలేదు. కులం పేరెత్తి అన్న మాట, అక్కనో చెల్లెలినో అన్న మాట ఎంత చిన్న పిల్లవాడి మనసులోనైనా ముల్లులా దిగబడిపోతుంది.

పూర్వం బడి గంట కొడితే తగాదాకు ఆ రోజుకు విరామం ఉండేది. ఎవరి ఇంటికి వారు పోయేవారు. ఇప్పుడు సెల్ ఫోను పుణ్యమా అని తగాదా పిల్లవాడితో పాటే ఇంటికి వస్తోంది. ఒకడు దెబ్బలు తింటుండగా ఇంకొకడు వీడియో తీస్తాడు. రాత్రికి అది ఊరి వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టి వస్తుంది. దెబ్బ నొప్పి రెండు రోజులకు తగ్గినా ఆ వీడియో తెచ్చిన అవమానం తగ్గదు. ప్రతీకారం మాట అక్కడే మొదలవుతుంది. పైగా ఇది ఫ్యాక్షన్ కక్షలు చూసిన జిల్లా. పగ తీర్చుకోవడమే మగతనమని సినిమాలు, రీళ్ళు కూడా చెబుతుంటే పదమూడేళ్ళ పిల్లవాడు నమ్మడంలో వింత ఏముంది?

ఇంత జరుగుతున్నా ముందుగా సూచనలు కనిపించవా అంటే, కనిపిస్తాయి. రోజూ వచ్చే పిల్లవాడు కారణం లేకుండా రెండు మూడు రోజులు మానేస్తాడు. వచ్చినా భోజనం దగ్గరికి రాడు. ఇంటికి చుట్టుదారిన పోతాడు. చొక్కా గుండీలు తెగి ఉంటాయి, అడిగితే పడ్డానంటాడు. చిన్న తరగతి పిల్లలు ఇంట్లో చిల్లర దొంగతనం చేసి తెచ్చి పెద్ద తరగతి పిల్లలకు ఇస్తుంటారు. వీటిలో ఏ ఒక్కటి చూసినా అయ్యవారు ఆగి అడగవలసిందే.

ఇంట్లో అవ్వ తప్ప ఎవరూ లేరు

ఈ ప్రాంతపు పాఠశాలలకు మరో సమస్య ఉంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు పల్లెల్లో వాన మోసం చేసిన ఏడాది పంట చేతికి రాదు. ఊళ్ళో పని ఉండదు. కుటుంబాలు మూటాముల్లె సర్దుకొని గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు, పత్తి తీతకు బయలుదేరతాయి. కొందరు బెంగుళూరు, హైదరాబాదు కట్టడం పనులకు పోతారు. దీన్నే ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. నెలల తరబడి వీధులకు వీధులు తాళాలు వేసి ఉంటాయి. పసిపిల్లలను వెంట తీసుకుపోతారు. చదువుకునే పిల్లలను అవ్వ దగ్గరో, తాత దగ్గరో వదిలిపోతారు. ఇలాంటి పిల్లల కోసమే ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళు నడుపుతోంది. అవి నిజంగా అవసరమైనవి. సుగ్గి మొదలైన నాటికే అవి తెరుచుకున్నప్పుడే వాటి ప్రయోజనం నెరవేరుతుంది.

ఇప్పుడు ఒక సంగతి ఆలోచించండి. ఇలాంటి ఇంటి పిల్లవాడు బడిలో కొట్లాడాడు. హెడ్మాస్టరు రివాజు ప్రకారం మీ నాయనను పిలుచుకొని రా, అప్పటిదాకా తరగతిలోకి రావద్దు అన్నారు. ఆ నాయన మూడు వందల కిలోమీటర్ల అవతల మిరప చేలో ఉన్నాడు. ఒక రోజు కూలి, రానుపోను ఛార్జీలు పోగొట్టుకొని రాలేడు. అవ్వకు బడి దారే సరిగా తెలియదు. పిల్లవాడు ఒక రోజు గేటు దాకా వచ్చి తిరిగిపోతాడు. రెండో రోజు గేటు దాకా కూడా రాడు. మూడో రోజు నుంచి ఊరి బయట పేకాట చోట కాలక్షేపం చేస్తాడు. అక్కడ వాడికి కొత్త స్నేహితులు దొరుకుతారు. వాళ్ళు వాడి కంటే ఐదారేళ్ళు పెద్దవాళ్ళు. వాళ్ళు మాత్రం నాయనను పిలుచుకొని రమ్మని అడగరు.

నాయనను పిలుచుకొని రా అన్న మాటలో తప్పు లేదు. ఇంట్లో నాయన ఉన్న పిల్లవాడికి అది పనిచేస్తుంది. లేని పిల్లవాడికి అదే బడి నుంచి బహిష్కారం అవుతోంది. ఈ తేడా గుర్తించడానికి జీవో అక్కరలేదు. హాజరు పట్టీ పక్కన ఏ పిల్లవాడి ఇంట్లో ఈ నెల ఎవరున్నారో రాసుకుంటే చాలు.

బెత్తం పోయింది, మరి చేతిలో ఏముంది?

ఉపాధ్యాయుల వైపు నుంచి కూడా చూడాలి. పూర్వం బెత్తం భయం ఉండేది, దండం దశగుణం భవేత్ అనేవారు, ఇప్పుడు గట్టిగా అంటే తల్లిదండ్రులు కేసు పెడతామంటున్నారు అని పలువురు ఉపాధ్యాయులు వాపోతున్నారు. ఫోటోలు తీసి యాప్‌లలో ఎక్కించడానికే పొద్దు సరిపోతోందనీ, ఇక పిల్లల మనసులు చూసే తీరిక ఎక్కడిదనీ వారి బాధ. అది తీసిపారేయదగిన బాధ కాదు.

అయితే బెత్తం సంగతి చట్టం తేల్చేసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని 17వ సెక్షన్ ప్రకారం పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం నిషిద్ధం. చట్టం మాట అటుంచినా, కొట్టవద్దని చెప్పడానికి కొట్టడమే సాధనమైతే పిల్లవాడు నేర్చుకునేది ఏమిటి? చేతిలో కర్ర ఉన్నవాడిదే మాట అని నేర్చుకుంటాడు. రేపు వాడి చేతికి కర్ర వచ్చినప్పుడు ఆ పాఠమే అప్పజెబుతాడు.

బెత్తం పోయాక కొన్ని పాఠశాలలకు మిగిలిన ఆయుధం టి.సి. తగాదా పెట్టుకున్నవాడి చేతిలో టి.సి. పెట్టి పంపితే బడికి పీడ వదిలిందని అనుకుంటారు. అదే చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకా, అంటే ఎనిమిదో తరగతి దాకా, ఏ పిల్లవాడినీ బడి నుంచి వెళ్ళగొట్టరాదు. తొమ్మిది, పది తరగతులకు ఆ రక్షణ లేదు. తగాదాలు ముదిరే వయసు మాత్రం సరిగ్గా అదే. ఆ రెండేళ్ళలో టి.సి. అందుకున్నవాడు పక్క ఊరి బడిలో చేరతాడని కాగితం మీద ఉంటుంది. వాస్తవానికి చాలామంది ఎక్కడా చేరరు. బడిలో ఉండగా వాడిని చూసే కళ్ళు పది ఉండేవి. బయటికి పోయాక ఒక్కటీ ఉండదు. తగాదా కూడా వాడితోనే ఉంటుంది. అవతలి పిల్లవాడు రోజూ నడిచే దారి వాడికి తెలుసు.

నాంగునేరి నేర్పిన పాఠం

పొరుగు రాష్ట్రమైన తమిళనాడులో 2023 ఆగస్టులో జరిగిన సంఘటన ఇక్కడ చెప్పుకోదగినది. తిరునల్వేలి జిల్లా నాంగునేరిలో పన్నెండో తరగతి చదువుతున్న దళిత విద్యార్థిని సాటి విద్యార్థులే కులం పేరుతో వేధిస్తూ వచ్చారు. అతడు కొన్నాళ్ళు బడికి పోవడం మానేశాడు. ఎందుకు రావడం లేదని బడివారు ఆరా తీయగా విషయం బయటికి వచ్చింది. ఫిర్యాదు చేశాడన్న కక్షతో ఆ పిల్లలు రాత్రివేళ అతడి ఇంట్లోకి చొరబడి కొడవళ్ళతో నరికారు. అడ్డుపడిన చెల్లెలికి కూడా గాయాలయ్యాయి. ఆస్పత్రిలో కోలుకున్న ఆ విద్యార్థి 2024 మేలో వెలువడిన ఫలితాలలో 600 మార్కులకు 469 తెచ్చుకున్నాడు.

ఆ సంఘటన తర్వాత తమిళనాడు ప్రభుత్వం మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.చంద్రు నాయకత్వాన కమిటీ వేసింది. కమిటీ 2024 జూన్‌లో నివేదిక ఇచ్చింది. కులాన్ని చాటే రంగురంగుల చేతి తాళ్ళు, ఉంగరాలు, నుదుటి గుర్తులు బడిలో నిషేధించాలని, తరగతిలో పిల్లలను పేర్ల అక్షర క్రమంలో కూర్చోబెట్టాలని, బడుల పేర్లలో కులం మాట తీసేయాలని, పిల్లల బాగోగులు చూసే సంక్షేమ అధికారి ఉండాలని సిఫారసు చేసింది.

మనం నేర్చుకోవలసిన పాఠాలు ఇందులో రెండు ఉన్నాయి. మొదటిది, మానేసిన పిల్లవాడిని ఎందుకు మానేశావని అడిగితేనే నిజం తెలిసింది. ఆ అడగడం ఇంకా ముందే జరగవలసింది. రెండవది, ఫిర్యాదు తీసుకోవడంతో పెద్దల పని పూర్తి కాదు. ఫిర్యాదు చేసిన పిల్లవాడికి ఆ రోజు నుంచే రక్షణ కావాలి. వాడి పేరు తరగతిలో అందరి ముందూ చదివితే రక్షణ బదులు ప్రమాదం కొనితెచ్చినట్లే అవుతుంది.

పోలీసుల దాకా పోతే?

తగాదా చేయి దాటితే పోలీసులను పిలవక తప్పదు. పిల్లవాడి బతుకు జైలుపాలవుతుందన్న భయంతో పల్లెల్లో చాలా సంగతులు కప్పిపుచ్చుతున్నారు. చట్టం ఏమంటుందో తెలిస్తే ఆ భయం కొంత తగ్గుతుంది. 2016 జనవరి 15 నుంచి అమలులో ఉన్న బాలల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివారిని లాకప్‌లో గాని జైలులో గాని పెట్టరాదు. 24 గంటల లోపు జువెనైల్ జస్టిస్ బోర్డు ఎదుట హాజరుపరచాలి. ఆ బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా మహిళ అయి ఉండాలి. ప్రతి పోలీసు స్టేషనులోనూ ఎ.ఎస్.ఐ. హోదాకు తగ్గని అధికారి ఒకరు బాలల వ్యవహారాలు చూడాలి. పిల్లలతో మాట్లాడేటప్పుడు ఆయన యూనిఫారంలో ఉండకూడదు. చిన్న నేరాలకు ఎఫ్.ఐ.ఆర్. రాయకుండా స్టేషను డైరీలో నమోదు చేసి, పిల్లవాడి ఇంటి పరిస్థితులపై నివేదిక పంపాలని నియమాలు చెబుతున్నాయి. పిల్లవాడి పేరు గాని, ఫోటో గాని, బడి పేరు గాని పత్రికల్లో వేయరాదు. వాట్సాప్‌లో తిప్పేవారికి కూడా ఈ నిషేధం వర్తిస్తుంది.

అలాగని చట్టం మరీ మెతక అనుకోవడం కూడా పొరపాటు. కనీస శిక్షే ఏడేళ్ళు, ఆ పైన ఉన్న ఘోర నేరాల్లో 16 ఏళ్ళు దాటినవారిని పెద్దవారితో సమానంగా విచారించవచ్చా అన్నది బోర్డు పరిశీలిస్తుంది. మా వాడు మైనరు, ఏమీ కాదులే అని కొడుకులను వెనకేసుకొచ్చే తల్లిదండ్రులు ఇది తెలుసుకోవాలి.

మరొక సంగతి. ఆడపిల్లల మీద గాని, చిన్న పిల్లల మీద గాని లైంగిక దౌర్జన్యం జరిగితే దానిని రచ్చబండ మీద రాజీ చేయడానికి ఎవరికీ అధికారం లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. తొక్కిపెట్టడమే నేరం.

బడి గేటు బయట

బడి లోపల ఎంత బాగు చేసినా గేటు బయట అంగడి తెరిచి ఉంటే లాభం లేదు. విద్యాసంస్థలకు వంద గజాల లోపల సిగరెట్లు, పొగాకు సరుకులు అమ్మరాదని 2003 నాటి చట్టం చెబుతోంది. పిల్లలకు మద్యం, మత్తు పదార్థాలు, పొగాకు ఇచ్చేవారికి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. పిల్లల చేత అలాంటి సరుకు అమ్మించినా, మోయించినా అంతే శిక్ష. ఈ సెక్షను గురించి బడి దగ్గరి అంగడివారికి ఎవరూ చెప్పిన దాఖలాలు లేవు. గంజాయి కట్టడికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో ఈగల్ అనే విభాగం ఏర్పాటు చేసింది. 1972 నంబరుకు ఫోను చేసి సమాచారం ఇవ్వవచ్చు. ఆ విభాగానికి అధిపతిగా వచ్చిన ఆకె రవికృష్ణ మన జిల్లాకు కొత్తవారు కారు. ఇక్కడ ఎస్.పి.గా ఉన్నప్పుడు ఫ్యాక్షన్ ఊరిగా పేరుపడిన దేవనకొండ మండలం కప్పట్రాళ్ళను ఆయన దత్తత తీసుకున్నారు.

బళ్ళకు మోటారు సైకిళ్ళ మీద వచ్చే పిల్లలు కూడా తక్కువేమీ లేరు. మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే 2019 సవరణ ప్రకారం తండ్రికో, బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. కొడుకు మారాం చేశాడని బండి తాళం ఇచ్చేముందు ఈ లెక్క చూసుకోవాలి.

పైసా ఖర్చు లేని పనులు

ఇవన్నీ ప్రభుత్వం చూసుకోవాలి అని కూర్చుంటే ఈ ఏడాది కూడా గడిచిపోతుంది. ఖర్చు లేకుండా రేపటి నుంచే చేయదగినవి కొన్ని ఉన్నాయి.

మధ్యాహ్నం భోజన వేళ, సాయంత్రం బడి వదిలే వేళ ఇద్దరు ఉపాధ్యాయులు వంతులవారీగా ఆవరణలో, గేటు దగ్గర నిలబడాలి. పెద్ద మనిషి కనుచూపు మేరలో ఉంటే సగం తగాదాలు పుట్టవు.

వరుసగా రెండు రోజులు రాని పిల్లవాడి ఇంటికి మూడో రోజు కబురు పోవాలి. తల్లిదండ్రులు సుగ్గిలో ఉంటే ఫోనులో మాట్లాడాలి. అవ్వనో, మేనమామనో బడిలో పెద్ద దిక్కుగా ముందే రాయించుకోవాలి.

కొట్లాడిన ఇద్దరినీ విడివిడిగా అడగాలి. ఇద్దరి మాటా పూర్తిగా విన్న తర్వాతే ఎదురెదురుగా కూర్చోబెట్టాలి. నష్టం చేసినవాడు దాన్ని సరిచేసేలా చూడాలి. చించిన పుస్తకం తిరిగి రాసివ్వడం, విరగగొట్టిన బెంచీ బాగు చేయించడం మోకాళ్ళ మీద నిలబెట్టడం కంటే మేలైన శిక్షలు. వారం తర్వాత మళ్ళీ ఇద్దరినీ పిలిచి అడగడం మరవరాదు.

ఫిర్యాదుల పెట్టె గోడకు వేలాడదీస్తే సరిపోదు. దాని తాళం తీసేవారు ఎవరో, ఏ రోజు తీస్తారో పిల్లలకు తెలియాలి. అందులో వేసిన చీటీ ఎవరిదో మాత్రం తెలియకూడదు.

ఆటల పీరియడు లెక్కల పాఠానికి ఇవ్వడం మానాలి. ఒంట్లో ఉన్న ఉడుకు మైదానంలో తీరకపోతే సందులో తీరుతుంది.

పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలని విద్యాహక్కు చట్టమే చెప్పింది. ఆ కమిటీ సమావేశం సున్నాలకు, మరమ్మతులకు పరిమితం కాకుండా ఈ నెల ఎవరు బడి మానేశారన్న మాటతో మొదలు కావాలి. టి.సి. ఇవ్వాలన్న ఆలోచన వస్తే, ముందుగా కమిటీ ముందు పెట్టి, పిల్లవాడు ఏ బడిలో చేరతాడో తేలిన తర్వాతే ఇవ్వాలి.

ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు రాత్రింబవళ్ళు పనిచేస్తుంది. ఆ నంబరు ప్రతి తరగతి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి.

సుగ్గి బళ్ళు కదిలేలోగా

కొట్లాడిన ప్రతి పిల్లవాడూ నేరస్తుడు కాడు. వారిలో ఎవడు నేరం వైపు పోతాడన్నది చాలావరకు కొట్లాట జరిగిన మర్నాడు పెద్దలు చేసిన పని మీద ఆధారపడి ఉంటుంది. అడిగేవారుంటే ఆగుతాడు, తోసేస్తే పోతాడు. ఏడాది పొడుగునా వందలమంది పిల్లల మధ్య పనిచేసే ఉపాధ్యాయులకు ఇది కొత్త సంగతి కాదు. వారికి కావలసింది తీరిక, తోడు.

దీపావళి దాటితే మన పల్లెల నుంచి కుటుంబాలు మళ్ళీ బయలుదేరతాయి. అంతకు ముందే హెడ్మాస్టర్లు, యాజమాన్య కమిటీలవారు, సచివాలయ సిబ్బంది ఒకచోట కూర్చొని, ఏ ఇంటి పిల్లలు ఎవరి దగ్గర ఉంటారో జాబితా రాసుకోవాలి. సీజనల్ హాస్టళ్ళు సకాలంలో తెరిపించాలి. బడి వేళల్లో గేటు దగ్గరి అంగళ్ళపై పోలీసులు కన్ను వేసి ఉంచాలి. ఎండలో మిరపకాయలు కోసే తల్లి, ఊళ్ళో కొడుకు బడిలోనే ఉన్నాడన్న ధైర్యంతో కోయాలి. అధికారులు ఈ దిశగా వెంటనే చర్యలు తీసుకోవాలని ఈ ప్రాంత ప్రజలు కోరుతున్నారు.